మా అత్త తెరిచిన హోటలు

పగటి షిఫ్టు దిగి కోవిల్‌పట్టి మిల్లు గేటు దాటి బయటికి వస్తున్నాను. తల నిండా దూది. ఎదురుగా మాడన్న నిలబడి ఉన్నాడు. భుజం మీద ఉండాల్సిన తువ్వాలు చేతిలో నలుగుతోంది. విరుదునగరం నుంచి రైలెక్కి ఆ మనిషి ఊరికే రాడు.

"పెద్దమ్మ పోయిందమ్మా," అన్నాడు.

పెద్దమ్మ అంటే మా అత్త, నా పెనిమిటిని కన్న తల్లి. వినగానే నాకు ఏడుపు రాలేదు. "ఎవరితో కొట్లాడింది?" అని అడిగాను.

మాడన్న తల అడ్డంగా ఊపాడు. "కొట్లాట కాదమ్మా. జరం. పట్టింది, వదల్లా. పొద్దున గంజి తాగి గోడకానుకొని కూచునింది. మా చిన్నక్క చెంబు తీసుకునేదానికి పోయి చూస్తే, అట్లనే ఉండాది."

నాకు నమ్మబుద్ధి కాలేదు. కర్రలకూ కొడవళ్ళకూ ఎదురు నిలిచిన మనిషిని జ్వరం తీసుకుపోవడమా? కట్టుచీరతోనే మాడన్న వెంట స్టేషనుకు నడిచాను. సాత్తూరు దాటేదాకా కిటికీలోంచి నల్లరేగడి, ఎండిపోయిన పత్తికట్టె, మళ్ళీ నల్లరేగడి. సాత్తూరు దాటినాక మాడన్న మొహం అటు తిప్పుకొని ఏడ్చాడు. అప్పుడు నాకూ వచ్చింది.

విరుదునగరంలో మా అత్తను పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. బజారు మొత్తానికీ ఆమె హోటలమ్మ. హోటలు ఆమెది కాదు. ఆమె అక్కడ పిండి రుబ్బేది, ఎంగిలాకులు తీసేది.

స్టేషను వీధిలో ఆ హోటలు అన్నదమ్ములిద్దరిది. కింద భోజనాల హాలు, పైన బస చేసే గదులు. పత్తి బేరగాళ్ళు రైలు దిగి నేరుగా అక్కడికే వచ్చేవాళ్ళట. ఒకరోజు మధ్యాహ్నం, జనం విస్తళ్ళ ముందు కూర్చుని ఉండగా అన్నదమ్ములకు మాటామాటా పెరిగింది. తమ్ముడు అరిటాకులు కోసే కత్తి తీసుకొని అన్న మెడ మీద వేశాడు. రసం వడ్డించే మనిషి గరిటె పట్టుకొని అట్లాగే నిలబడిపోయాడట. తినేవాళ్ళు చేతులు కడుక్కోకుండానే పారిపోయారట. పోలీసులు వచ్చి తమ్ముణ్ణి పట్టుకుపోయాక ఆ హాలు కడిగింది మా అత్త. బండల సందుల్లో దిగిన నెత్తురు ఎంత రుద్దినా వదల్లేదని, చివరికి కొబ్బరిపుల్లతో గీకి తీశానని నాకు చెప్పింది. అది చెప్పేటప్పుడు ఆమె చేతులు వాటంతటవే రుద్దుతున్నట్టు కదిలేవి.

ఆ తర్వాత ఆ హోటల్లో ఎవరూ కాఫీ కూడా తాగలేదు. చచ్చిన అన్న భార్య తాళం చెవి మా అత్త చేతికిచ్చి, "నేను ఇంక ఈ గడప తొక్కను, నువ్వే చూసుకో" అని పుట్టింటికి వెళ్ళిపోయింది. మా అత్త వెనకవైపు వంటింట్లో ఉంటూ, వారానికొకసారి గదులు ఊడ్చి తాళం వేసేది. కొన్నేళ్ళు అట్లా గడిచాయి.

అప్పుడు నూనె వచ్చింది. అంటే నూనె కొత్తగా వచ్చిందని కాదు, గానుగలు ఎప్పుడూ ఉన్నాయి. కాని ఇంజన్లతో చెనక్కాయలు ఆడే మిల్లులు ఒకటి వెనక ఒకటి లేచాయి. బండ్లు రాత్రింబగళ్ళు చెనక్కాయ మూటలు దించేవి. ఊరంతా నూనె తీసిన పిండిచెక్క వాసన. ఎట్టయాపురం చుట్టుపక్కల వానల్లేక ఎండిన పల్లెల నుంచి మాలాంటి వాళ్ళు మూటలు నెత్తిన పెట్టుకొని వచ్చేశారు. నా పెనిమిటి ఒక మిల్లులో ఇంజను దగ్గర ఫిట్టరుగా చేరాడు. నన్ను పెళ్ళి చేసుకొని తెచ్చింది ఆ హోటలు వంటింట్లోకే. మాకు కనీసం గోడలున్నాయి. మిగతావాళ్ళు బండ్ల కింద, మూటల సందుల్లో, స్టేషను అరుగుల మీద పడుకునేవాళ్ళు. మిల్లులకు కూలీలను కుదిర్చే మేస్త్రి వేసిన రేకుల కొట్టాలు కొన్ని ఉన్నాయి గాని, అందులో చేరినవాళ్ళు మేస్త్రి పిలిచినప్పుడల్లా పోవాలి, మేస్త్రి వద్దన్న మిల్లుకు పోకూడదు. ఎదురు చెబితే సామాను వీధిలో ఉండేది.

ఒక మిట్టమధ్యాహ్నం కుండపోతగా వాన. నేనూ అత్తా సంత నుంచి వస్తుంటే బండి కింద ఒక ఆడమనిషి నొప్పులు పడుతోంది. ఎద్దులు విప్పేసి ఉన్నాయి. బురదనీళ్ళు ఆమె నడుము కిందుగా పారుతున్నాయి. ఆమె చిన్నక్క. పక్కన తువ్వాలు అడ్డం పట్టుకొని వణుకుతున్న మొగుడు మాడన్న, మిల్లులో మూటలు మోసేవాడు. ఇంట్లో మా మాదిరే తెలుగు మాట్లాడేవాళ్ళే. కాని చెప్పులు కుట్టే కులం. మా పల్లెల్లో వాళ్ళ గుడిసెలు పొలిమేర అవతల.

"లేపరా దాన్ని," అంది అత్త.

"యాడికి పెద్దమ్మా ఈ వానలో?"

"నా నెత్తిమీదికి. లేపరా!"

మాడన్న తల వైపు, మేమిద్దరం కాళ్ళ వైపు పట్టుకున్నాం. అత్త ముందు గుమ్మం తాళం తీసింది. ఎన్నేళ్ళకో తెరుచుకున్న తలుపు. ఆ హాల్లోనే, రాతి బల్ల మీద చిన్నక్క కాన్పయింది. ఆడపిల్ల. బిడ్డ ఏడుపు వినబడ్డాక వానలో నిలబడి ఉన్న ఇంకో రెండు కుటుంబాలు మూటలతో గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాయి. మా అత్త వాళ్ళను చూసి, "కాళ్ళు కడుక్కొని రాండి" అంది. అంతే. ఎవరినీ అడగలేదు, ఎవరితోనూ ఆలోచన చేయలేదు.

చదివే మీకు హోటలును కాపురాలకు మార్చడమంటే పెద్ద పనిలా అనిపించొచ్చు. మేం దాన్ని చేతికి దొరికిన వస్తువులతో చేశాం. భోజనాల హాలు మధ్యలో ఒక గోడ ఉండేది, పై కులాలు ఒకవైపు తినడానికి, మిగతావాళ్ళు ఇంకోవైపు తినడానికి. నా పెనిమిటి గునపం తెచ్చి దాన్ని పడగొట్టాడు. చినిగిన గోనెసంచులు కలిపి కుట్టి అడ్డుతెరలు కట్టాం, ఒక్కో తెర వెనక ఒక్కో సంసారం. రాతి బల్లలు బావి దగ్గరికి మోసుకుపోయి బట్టలుతికే బండలు చేశాం. గల్లాపెట్టె పెట్టుకొని డబ్బు లెక్కపెట్టే ఎత్తు బల్ల కింద పసిపిల్లలకు ఉయ్యాలలు కట్టాం. వంటింట్లో పొడుగాటి పొయ్యికి గిన్నెలు పెట్టే కళ్ళు చాలా ఉండేవి. ఇంటికొక కన్ను అని అత్త పంచింది. ఆ పంపకం మీద జరిగిన సిగపట్లు చెప్పుకుంటే ఈ కాగితాలు చాలవు. ఎవరైనా గొంతు పెంచితే అత్త ఉన్నచోటి నుంచే, "అరవొద్దండే, గోడలు ముసలివి" అనేది.

ఆమె తెల్లవారుతూనే రోకలి తీసుకొని ప్రతి తలుపూ తట్టేది. మనుషులను పేర్లతో కాక ఊర్ల పేర్లతో లేపేది. "ఏ పసువందనా, లే. ఏ కడంబూరూ, మిల్లు కూసింది." తలుపు వైపు వీపు పెట్టి ఎప్పుడూ కూర్చునేది కాదు. చేతిలో మిగిలిన నూనెను వృథా చేయక తలుపు బందులకు రాసేది. ఎవరింట్లో చావొచ్చినా, ఎవరి మొగుడు తన్నినా, ముందు సజ్జ సంకటి ముద్ద తెచ్చి ఎదుట పెట్టేది. "ముందు తిను, తర్వాత ఏడు." నేనా మాట మొదట్లో కఠినమనుకున్నాను. పెళ్ళాన్ని తన్నిన మొగుడికి కూడా సంకటి పెట్టేది, కాకపోతే రోకలితో ఒకటి తగిలించిన తర్వాత.

కొట్టాలు ఖాళీ అవుతుంటే మేస్త్రి ఊరుకుంటాడా. మా పక్క ఊరివాడే, మా మాటే మాట్లాడేవాడు. మొదటిసారి నవ్వుతూ వచ్చాడు.

"అక్కా, చెప్పులు కుట్టేవాళ్ళను తెచ్చి నట్టింట్లో పెట్టినావంట. వీధిలో అందరూ నన్నడుగుతుండారు."

"నిన్నెందుకు అడగాల? నన్నడగమను."

"మన కులానికి చెడ్డపేరు గదక్కా. వాళ్ళను నా కొట్టాలకు పంపు. మిగతావాళ్ళను ఉంచుకో."

"నీ కొట్టంలో పోయినేడు రేకు పడి ఒకడు చచ్చినాడు. వాడి పెండ్లాం ఈడే ఉండాది. పిలుస్తా, దానికి చెప్పు."

మేస్త్రి నవ్వు ఆగిపోయింది. మరుసటి వారం బావిలో చచ్చిన కుక్క తేలింది. తర్వాత చిన్నక్క సంతకు పోతుంటే ఎవరో రాయి విసిరారు, చెవి పైన చర్మం ఊడింది. మేడమీది గోనెతెరకు పగటిపూటే నిప్పు పెట్టారు. ఆడవాళ్ళం నీళ్ళకుండలతో ఆర్పాం. నా పెనిమిటి మిల్లులో దొరను కలిసి చెబుతానన్నాడు. దొర వినలేదు. మేస్త్రి మనుషులను తెచ్చేవాడు, దొరకు మనుషులు కావాలి.

ఆ నెల అమావాస్య రోజు మిల్లు ఇంజను ఆపారు. మగవాళ్ళు చాలామంది వెనక బావి దగ్గర తలంటుకుంటున్నారు. ఎండ బాగా ఎక్కింది. నా పెనిమిటి ముందు గుమ్మంలో కూర్చుని తలుపు బందు బిగిస్తున్నాడు. నేనూ అత్తా లోపల గుమ్మానికి ఎదురుగా కూర్చుని చెనక్కాయలు వలుస్తున్నాం. వీధిలో చెప్పుల చప్పుడు, కుక్కల అరుపు. తలెత్తేసరికి మేస్త్రి, వెనక కర్రలూ వేటకొడవళ్ళూ పట్టుకున్న మనుషులు.

"అడ్డం లేయ్," అన్నాడు మేస్త్రి.

నా పెనిమిటి లేచాడు గాని అడ్డం తొలగలేదు. చేతిలో స్పానరు. "ఆడోళ్ళుండారు లోపల. మాట్లాడేదుంటే వీధిలో మాట్లాడదాం," అన్నాడు. ఆ మాట పూర్తి కాకముందే మేస్త్రి కొడవలి ఎత్తి వేశాడు. నా పెనిమిటి మెడ మీద చెయ్యి పెట్టుకొని నా వైపు తిరిగాడు. వేళ్ళ సందుల్లోంచి నెత్తురు చిమ్ముతోంది. "అమ్మను లోపలికి లాగు," అన్నాడు. గడప మీదే మోకాళ్ళ మీద కూలాడు.

లాగడానికి మా అత్త అక్కడెక్కడుంది? అప్పటికే రోకలితో కొడుకును దాటి వెళ్ళిపోయింది. మొదటి దెబ్బ మేస్త్రి మోకాలి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది. ఆమె భుజం మీద కర్ర పడింది, వంగలేదు. మళ్ళీ పడింది, చెయ్యి వేలాడిపోయింది, రోకలి ఎడమ చేతికి మార్చుకుంది. మేడ మీద నుంచి చిన్నక్క కాగుతున్న నీళ్ళ అండా ఒంచింది. వీధిలో ఒకడు మొహం పట్టుకొని గిరగిరా తిరిగాడు. ఆడవాళ్ళం రోళ్ళలోని రాళ్ళూ, పొయ్యిలోని కొరివికట్టెలూ ఏది దొరికితే అది విసిరాం. నేను ఒకడి చెంప కొరికాను. ఆ ఉప్పు రుచి ఇప్పటికీ నోట్లో ఉంది. కేకలు విని బావి దగ్గరి మగవాళ్ళు తడి పంచెలతో పరిగెత్తుకొచ్చారు. కూలికొచ్చిన రౌడీలు ఎంతసేపు నిలబడతారు, పారిపోయారు. విరిగిన కాలితో మేస్త్రి ఎటు పోవాలో తెలియక హాల్లోకే పాక్కుంటూ వచ్చి పడ్డాడు.

మాడన్న పిండి రుబ్బే పొత్రాన్ని రెండు చేతులా పైకెత్తాడు. మేస్త్రి తల మీద వేయడమే తరువాయి.

మా అత్త వచ్చి మేస్త్రి మీద అడ్డంగా పడింది.

"లేయ్ పెద్దమ్మా," అన్నాడు మాడన్న. "నీ కొడుకును నరికినాడు వీడు. లేయ్."

"తెలుసురా. నేను కన్న బిడ్డ. రాయి దించు."

"వెయ్యి మాడన్నా!" అని అరిచాను నేను. నా ఒళ్ళో నా పెనిమిటి తల ఉంది. అప్పటికే ఊపిరి లేదు. "ఆమెను పక్కకు లాగి వెయ్యి!"

మాడన్న నన్ను చూశాడు, ఆమెను చూశాడు. పొత్రం ఇంకా నెత్తి మీదే ఉంది.

"వీడు చస్తే రేపు నిన్ను ఉరి తీస్తారు," అంది అత్త. అరవలేదు, మామూలుగానే అంది. "పక్కనుండే వాళ్ళందరినీ సంకెళ్ళేసి తీసుకపోతారు. నీ పెండ్లాం బిడ్డను తీసుకొని మళ్ళీ బండి కిందికి పోతాది. ఈ గదులన్నీ కాలీ అవుతాయి. నా కొడుకు రాడు. దించరా, నాయినా."

మాడన్న రాయి దించాడు. అక్కడే దాని పక్కన కూలబడి, ఒక్కసారిగా పెద్దగా ఏడ్చాడు.

పోలీసులు వచ్చేదాకా అత్త మేస్త్రి పక్కనే కూర్చుంది, ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు. "కొంచెం నీళ్ళక్కా" అని వాడు అడిగితే చెంబుతో పోసింది. వాళ్ళు వాణ్ణి ఎత్తుకొని పోయాక మాత్రమే నా దగ్గరికి వచ్చి, నా ఒళ్ళోంచి కొడుకు తలను తన ఒళ్ళోకి తీసుకుంది. అప్పుడామె చేసిన శబ్దాన్ని నేను రాయలేను.

మదురై కోర్టులో విరిగిన చేతికి కట్టుతో నిలబడి సాక్ష్యం చెప్పింది. "ఆ గుంపులో కొడవలి వేసింది ఇతనే అని నువ్వెట్లా చెప్పగలవు?" అని వకీలు అడిగాడు. "వాడు నా మొహం చూసి వేసినాడు సామీ," అంది. మేస్త్రికి జైలు పడింది. మళ్ళీ విరుదునగరం రాలేదు. కొట్టాలు కూలిపోయాయి. హోటల్లో ఉన్నవాళ్ళలో ఒక్కరూ రోడ్డు మీద పడలేదు.

నేను మాత్రం అక్కడ ఉండలేకపోయాను. ఒకరోజు అడిగేశాను. "నీ కొడుకు కన్నా ఈ గోడలెక్కువా నీకు?"

"గోడలు కాదే. లోపలుండేవాళ్ళు."

"వాడు బతికుండాడు. నా మొగుడు లేడు."

"తిట్టు. నీకు హక్కుండాది. రోజూ తిట్టు," అంది. సంకటి గిన్నె నా ముందుకు జరిపింది. "ముందు తిను."

నేను తినలేదు. ఆ వారమే కోవిల్‌పట్టి వచ్చి నూలు మిల్లులో చేరాను. మిల్లు కూలీల లైను ఇళ్ళలో ఉండే గుంటూరు ఆవిడ నాకు తెలుగు అక్షరాలు నేర్పింది. అంతకుముందు మా ఇళ్ళలో తెలుగు నోటిదే, చేతిది కాదు.

మా అత్త నన్ను వదల్లేదు. అప్పుడప్పుడూ సెలవు రోజున రైలెక్కి, చెంబుడు చెనక్కాయ నూనె మూతికి గుడ్డ కట్టి పట్టుకొని వచ్చేది. నేను మాట్లాడేదాన్ని కాదు. గుమ్మంలో నన్ను కూర్చోబెట్టుకొని, జుట్టులో చిక్కుకున్న దూదిని పాయ పాయ విడదీసి ఏరేది. సరిగ్గా అతకని చెయ్యి కాబట్టి వేళ్ళు పూర్తిగా ముడుచుకునేవి కావు. ఆ బిరుసు వేళ్ళతోనే నూనె పట్టించేది. నా వీపు ఆమె మోకాళ్ళకు ఆనుకొని ఉండేది. సాయంత్రం బండికి వెళ్ళిపోయేది. ఆమె ఆ రోజు చేసింది నాకు ఇప్పటికీ సమ్మతం కాదు. కాని లోకంలో నా తల మీద చెయ్యి వేసేవాళ్ళు ఆమె ఒక్కతే అని కూడా నాకు తెలుసు. రెండూ నిజమే. ఒకదాని కోసం ఇంకోదాన్ని వదులుకోలేను.

నేనూ మాడన్నా రైలు దిగి వెళ్ళేసరికి ఆమెను హాల్లో పడుకోబెట్టి ఉన్నారు. తెరలన్నీ పైకి చుట్టేశారు. ఊరి నుంచి మా చుట్టాలు వచ్చి పాడె కడుతున్నారు. మాడన్న ఒక కొమ్ము పట్టుకోబోతే మామ వరసయ్యే ఒకాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"నువ్వు దూరంగా రా. వీళ్ళు మోస్తే మేము రాము."

మాడన్న వెనక్కి జరిగాడు. అలవాటైన మనిషి. హోటల్లో ఉండే మగవాళ్ళ చేతులు పిడికిళ్ళవుతున్నాయి. ఇంకొక్క మాటయితే ఆ గుమ్మంలో మళ్ళీ కొట్లాటే.

"మామా," అన్నాను నేను. "కొడుకు లేడు. కోడల్ని నేనుండా. మాడన్న ముందు కొమ్ము పడతాడు. మీకు రావాలనిపిస్తే రాండి, లేదంటే సంకటి తిని పోండి. పోట్లాట మాత్రం ఈరోజు వద్దు."

ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. మోయలేదు గాని, వెనక నడిచాడు.

ఆడవాళ్ళు వీధి చివరి దాకే రావాలి. మేమెవరం ఆగలేదు. చిన్నక్క, రేకు పడి మొగుడు పోయినామె, గదుల్లోని ఆడవాళ్ళందరం రైల్వే గేటు దాకా వెళ్ళిపోయాం. పాడె పట్టాలు దాటింది. మేం దాటేలోపు గేటు పడింది. తూత్తుకుడి వైపు పోయే గూడ్సు వచ్చింది, అన్నీ నూనె పీపాలు. మెల్లగా, బరువుగా, ఒక పెట్టె వెనక ఇంకో పెట్టె. పెట్టెకూ పెట్టెకూ మధ్య సందులో పాడె కనిపించేది, మళ్ళీ దాగేది. మళ్ళీ కనిపించేసరికి ఇంకొంచెం దూరంలో ఉండేది. మాడన్న తల, దాని పక్కన అత్త మీద కప్పిన పసుపు గుడ్డ. తర్వాత వట్టి పసుపు. చివరి పెట్టె దాటిపోయేసరికి అవతల రోడ్డు మీద దుమ్ము లేచి ఉంది. గేటువాడు గేటెత్తాడు. మేమెవరం కదల్లేదు.